మీ ‘యక్’కు కులం లేదా?

ఇంగ్లీషు నిఘంటువు తీసి ‘యక్’ అనే మాట వెతకండి. పక్కనే చిన్న అక్షరాల్లో ‘ఇన్‌ఫార్మల్’ అని ఉంటుంది. అసహ్యం వేసినప్పుడు నోట్లోంచి వచ్చే మాట, నలుగురి మధ్య అనేదే తప్ప దరఖాస్తుల్లో రాసేది కాదు అని దాని భావం. పెద్ద వయసున్న మాట కూడా కాదు, అచ్చులో కనబడటం మొదలైంది 1960లలో. ‘ఈవ్’, ‘గ్రాస్’, ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్ పిల్లల నోళ్లలో నానుతున్న ‘ఇక్’ దీని బంధువులు. వీటన్నిటిలో ‘యక్’ ముద్దుగా ఉంటుంది. ముక్కు చిట్లించి, నాలుక కాస్త బయటపెట్టి, చేతులు రెండూ గుండెల దగ్గరికి ముడుచుకుని అంటారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఎవరి టిఫిన్ డబ్బా చూసి అన్నారో వాళ్లకు మాత్రం రాదు.

ఇంగ్లీషు మీడియం క్యాంపస్‌ల మాటతీరులో కులం ఎక్కడెక్కడ దాక్కుంటుందన్నది నా పీహెచ్‌డీ అంశం. అందులో ఒక అధ్యాయం ఈ ఒకటిన్నర అక్షరం మాట మీద రాస్తున్నాను. ఆ ముసాయిదాని ఒక సెమినార్‌లో చదివినప్పుడు వెనక వరసలో కూర్చున్న సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన నవ్వి, “యక్ అనేది రిఫ్లెక్స్ అమ్మా, తుమ్ము లాంటిది. మీవాళ్లకు ప్రతిదాంట్లో కులమే కనిపిస్తుంది” అన్నారు. గదిలో సగం తలలు ఊగాయి. అక్కడ నాకిచ్చిన జవాబు సమయం రెండు నిమిషాలు. ఇక్కడ అంత తొందర లేదు కాబట్టి, ఊగిన ఆ తలలకే రాస్తున్నాను.

తుమ్ము దగ్గరే మొదలుపెడదాం. తుమ్ముకు ఎదుటి మనిషి ఇంటిపేరు తెలియదు. ముందు మనిషిని తేరిపారా చూసి, ఏ ఊరు, ఏ వాడ అని అడిగి, ఆ తర్వాత వచ్చే తుమ్మును నేనెప్పుడూ చూడలేదు. అసహ్యం మనిషి ఒంట్లో ఉన్న భావమే, నేను కాదనను. కుళ్లిన గుడ్డు వాసనకు మాదిగైనా బ్రాహ్మడైనా ముక్కు మూసుకుంటారు. పొంగిన డ్రైనేజీ పక్కన నడిచేటప్పుడు నేనూ ‘యక్’ అంటాను, రేపు కూడా అంటాను. ప్రశ్న అది కాదు. ఆ భావాన్ని ఏ వస్తువు మీద, ఏ మనిషి మీద వాడాలో ఎవరు నేర్పారన్నది ప్రశ్న.

1872లో చార్లెస్ డార్విన్ మనుషులూ జంతువులూ తమ భావాలను ఎలా బయటపెడతారన్నదాని మీద ఒక పుస్తకం వేశాడు. దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగోలో తనకు ఎదురైన ఒక సంగతి అందులో చెప్తాడు. ఆయన నిల్వ మాంసం తింటుంటే అక్కడి స్థానికుడొకడు వేలితో దాన్ని తాకి, ఆ మెత్తదనానికి ముఖం అదోలా పెట్టాడు. డార్విన్‌కూ అసహ్యం వేసింది. బట్టల్లేని ‘అనాగరికుడు’ తన తిండిని ముట్టుకున్నందుకు! ఆ చేతులు మురికిగా ఏమీ లేవని కూడా తనే రాసుకున్నాడు. ఇద్దరి ముఖాలూ ఒకేలా చిట్లి ఉంటాయి. కానీ స్థానికుడు అసహ్యించుకున్నది మాంసాన్ని, డార్విన్ అసహ్యించుకున్నది స్థానికుణ్ణి. సుమారు నూట తొంభై ఏళ్ల కిందటి ఆ ఒక్క పూట భోజనంలో నా అధ్యాయం సగం ఉంది. తిండి మీద వేసే ‘యక్’, మనిషి మీద వేసే ‘యక్’ ఒకే శబ్దంతో వస్తాయి. రెండోది చేసినవాళ్లు పట్టుబడినప్పుడల్లా మొదటిదాని వెనక దాక్కుంటారు.

అసహ్యం మీద జీవితకాలం పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు పాల్ రోజిన్. 1980లలో ఆయన బృందం చిన్న పిల్లల ముందు కుక్క పెంటలా కనబడేట్టు తయారుచేసిన పదార్థాన్ని పెట్టింది. రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల్లో ఎక్కువమంది దాన్ని తీసుకుని నోట్లో పెట్టేసుకున్నారు. అంటే ఆ వయసుకు ‘యక్’ ఇంకా రాలేదు. మన ఇళ్లలో చూడండి. నేలమీద పడ్డది నోట్లో పెట్టుకోబోతే అమ్మ “ఛీ, కక్క” అంటుంది. అలా పదిసార్లు వింటే బిడ్డకు ముఖం ముడవడం వస్తుంది. ఇక్కడిదాకా పెంపకమే. అదే నోటితో, అదే ముఖంతో “వాళ్లింట్లో ఏమీ తినకు” అన్నప్పుడు కూడా బిడ్డ అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఏది మలం, ఏది మనిషి అని విడదీసి చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు కదా.

రోజిన్ చెప్పిన ఇంకో సంగతి మనకు బాగా అక్కరకొస్తుంది. బొద్దింకను క్రిములేవీ లేకుండా శుద్ధిచేసి పళ్లరసంలో ముంచి తీసినా ఆ రసం తాగడానికి జనం ఒప్పుకోరు. ప్రమాదం లేదని బుద్ధికి తెలుసు, గొంతు దిగదు. ఒకసారి తాకితే ఎప్పటికీ తాకినట్టే అన్నది అసహ్యం నడిచే పద్ధతి. అక్కడి పండితులు దీనికి సూత్రం రాసుకున్నారు, పేరు పెట్టుకున్నారు. తెలుగులో ఇందుకు ఒక్క మాట చాలు: మైల. ఇంకా కావాలంటే అంటు, ముట్టు, ఎంగిలి, మడి. ప్రపంచంలో ఏ భాషకైనా అసహ్యానికి ఒక మాట ఉంటుంది. మన భాషలో దానికి ఒక శాస్త్రం, కాలెండరు, వంటగది, బావిగట్టు, ఊరి పటం ఉన్నాయి.

“ఇది కులం కాదు, శుభ్రత” అనేవాళ్లకు మహాడ్ గుర్తుచేయాలి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. పశువులు తాగే చెరువు అది, అంటరానివాళ్లు తప్ప అన్ని మతాలవాళ్లూ వాడుకునే చెరువు. తర్వాత అక్కడి సవర్ణులు దాన్ని ‘శుద్ధి’ చేశారు. ఎలా చేశారు? పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం 108 కుండల్లో పోసి మంత్రాలు చదివి. దోసిలి పెట్టి తాగిన మనిషి చెయ్యి వాళ్లకు ‘యక్’, తాగే నీళ్లలో కలిపిన పేడ కాదు. శుభ్రత వాదం ఆ చెరువులోనే మునిగిపోయింది. దాన్ని పైకి లాగి బట్టలు ఆరేసి మళ్లీ మన ముందు నిలబెట్టేవాళ్ల ఓపికకు మాత్రం దండం పెట్టాలి.

వాసన సంగతి చూద్దాం. నగరాల్లో కులం ఇప్పుడు ఎక్కువగా ముక్కు మీదుగానే నడుస్తోంది. కొత్త ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ హైదరాబాద్‌లో నేను ఎక్కని మెట్లు లేవు. కులమేంటని మొహం మీద అడిగినవాళ్లు తక్కువ. “నీసు తింటారా?” అని అడిగినవాళ్లు ఎక్కువ. ఒక ఇంటి ఓనరమ్మ నేను తింటానన్నాక “పర్లేదమ్మా, చికెన్ వరకైతే” అని, కాసేపు ఆగి “పెద్దది కాదుగా?” అంది. ఆ ‘పెద్దది’ అన్న మాట దగ్గర ఆమె ముఖం చేసిన పని ‘యక్’. నోటితో అనలేదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్కనే నిలబడ్డ ఇంటర్ చదివే కూతురు ఆ పని పూర్తిచేసింది. తల్లి ముఖంలో ఉన్నది, కూతురి నోట్లో ఇంగ్లీషులో వచ్చింది.

ఆమె వాడిన ‘నీసు’ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆంధ్రలో నీచు అంటారు. చేప వాసన నీచు వాసన, మాంసం కూర నీచు కూర. నీచం అన్నా నీచుడు అన్నా అదే ధ్వని. ఊరందరూ తినే కూర పేరు, ఊళ్లో ఒకణ్ణి తిట్టే తిట్టు పక్కపక్కనే కూర్చున్నాయి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే లెక్కలో తెలంగాణలో మాంసాహారులు నూటికి 98 మందికి పైనే. నూటికి ఇద్దరు కూడా లేనివాళ్ల ముక్కు, మిగతా 98 మంది కూరకు పేరు పెట్టింది. ఆ 98 మందిలోనూ కోడి తిన్నవాడు పందిని చూసి, మేక తిన్నవాడు గొడ్డును చూసి ‘యక్’ అంటాడు. పైకి పోయేకొద్దీ గౌరవం, కిందికి దిగేకొద్దీ ఏవగింపు అని బాబాసాహెబ్ కులాల మెట్లను వివరించిన తీరు మన మాంసం కొట్ల ముందు నిలబడితే కళ్లకు కడుతుంది.

వాసనే బాధ అయితే ఇంగువ మాటేమిటి? యూరప్ వాళ్లు దాన్ని దయ్యం పేడ అని పిలిచారు. అంత ఘాటు. ఆ పోపు వాసన మూడు అంతస్తుల దాకా వెళ్తుంది. ఇంగువ వేసేవాళ్లకు ఇల్లు ఇవ్వబడదు అన్న టులెట్ బోర్డు మీరెప్పుడైనా చూశారా?

‘యక్’ నోటి దగ్గర ఆగితే నేను అధ్యాయం రాసేదాన్ని కాదు. నిఘంటువు దాన్ని ‘ఇన్‌ఫార్మల్’ అంటుంది గానీ ఈ దేశంలో అది చాలా త్వరగా ఫార్మల్ అయిపోతుంది. నోటీసు అవుతుంది, నిబంధన అవుతుంది, జరిమానా అవుతుంది. 2018 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాస్ మెస్‌లో శాకాహారులకూ మాంసాహారులకూ వేర్వేరు దారులు, చేతులు కడుక్కోవడానికి వేర్వేరు బేసిన్లు అని పోస్టర్లు వెలిశాయి. అల్లరయ్యాక తీసేశారు. చేతులు కడుక్కునే నీళ్లు కూడా వేరు! 2023లో ఐఐటీ బాంబే హాస్టల్ మెస్‌లో కొన్ని బల్లలను శాకాహారులకే కేటాయించారు. మాంసాహారం కనబడటం, దాని వాసన తగలడం కొందరు తట్టుకోలేరని, ఆరోగ్య సమస్యలు రావచ్చని కారణం చెప్పారు. ఆ బల్ల దగ్గర కూర్చుని మాంసం తిని నిరసన తెలిపినందుకు 10,000 రూపాయల జరిమానా వేశారు. ఒకరి కడుపులో తిప్పితే ఇంకొకరి జేబుకు చిల్లు. 2024 మార్చి 19న జొమాటో ‘ప్యూర్ వెజ్’ వాళ్లకోసం వేరే డెలివరీ దళాన్ని, దానికి ఆకుపచ్చ యూనిఫాంను ప్రకటించింది. పెట్టెలో ముందు ఆర్డర్ ఒలికితే ఆ వాసన తర్వాతి ఆర్డర్‌కు అంటుతుందని యజమాని వివరణ. గొడవ అయ్యేసరికి మరుసటి రోజే యూనిఫాం రంగు వెనక్కి తీసుకున్నారు, దళాన్ని మాత్రం ఉంచుకున్నారు. పెట్టెకు అంటింది, పెట్టె నుంచి బండికి, బండి నుంచి మనిషికి, మనిషి చొక్కా రంగుకు. మైల ఎలా ప్రయాణిస్తుందో పాఠం చెప్పాలంటే నేను ఈ ఉదాహరణే తీసుకుంటాను.

“అది వాళ్ల వ్యక్తిగత అభిరుచి” అంటారు. అభిరుచి నాలుక మీద ఉంటుంది. నాకు కాకరకాయ పడదు, నేను తినను. కాకరకాయ తినేవాళ్లు వేరే బేసిన్‌లో చేతులు కడుక్కోవాలని నేను ఎప్పుడూ అర్జీ పెట్టలేదు. ఎవరికైతే వాసన పడదో వాళ్లు లేచి వెళ్లి వేరేచోట తినకుండా, తినేవాళ్లను లేచి వెళ్లమన్నప్పుడు అది అభిరుచిని దాటి ఆస్తిహక్కు అయింది.

ఇంగ్లీషు ఈ విషయంలో ఆధిపత్య కులాలకు చేసిన మేలు చిన్నది కాదు. తెలుగులో ‘ఛీ’ అంటే ఆ మాటకు ఒక వైపు ఉంటుంది, ఎవరి మీదికి వెళ్తుందో ఊరికి తెలుస్తుంది. ‘థూ’ అంటే ఉమ్మే పడుతుంది. దొర ‘ఛీ’ అన్నాడంటే మా తాతల తరానికి అర్థం కానిదేమీ లేదు. ‘యక్’కు ఆ చరిత్ర లేదు. కార్టూన్ చానెల్‌లోంచి, ఎల్‌కేజీ క్లాసులోని ‘యమ్మీ, యక్కీ’ ఆటలోంచి వచ్చింది. అన్నవాళ్లు పిల్లల్లా కనబడతారు, పడ్డవాళ్లు “ఇంత చిన్నదానికి ఎందుకు రాద్ధాంతం” అనిపించుకుంటారు. నేను డిగ్రీ హాస్టల్‌లో ఉన్నప్పుడు మా అమ్మ నల్లగొండ నుంచి ఎండు తునకలు వేయించి పంపింది. మా గదిలో అమ్మాయి డబ్బా మూత తెరుచుకోగానే ‘యక్’ అని, నవ్వి, తన మంచం కిటికీ వైపు జరుపుకుంది. వార్డెన్‌కు నేనేమని ఫిర్యాదు చేయాలి? మంచం జరిపిందని చెప్పాలా? ఆ నెలలోనే నాకు వేరే గది ఇచ్చారు, ‘అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లెం’ అని రిజిస్టర్‌లో రాసి. సర్దుకోలేకపోయింది నేనట.

చట్టం దగ్గరికెళ్తే ఇంకా నున్నగా జారిపోతుంది. 1989 అట్రాసిటీ చట్టంలో, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, సెక్షన్ 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడాన్ని నేరంగా చెప్తుంది. 3(1)(ఆర్) అవమానించే ఉద్దేశంతో చేసిన అవమానాన్ని పట్టుకుంటుంది. రెండింటికీ నలుగురికీ కనబడే చోట జరగాలన్న షరతు ఉంది. 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేకుండా జరిగితే ఈ సెక్షన్ వర్తించదని, బాధితులు ఎస్సీ అయినంత మాత్రాన సరిపోదు, ఆ కులం కారణంగానే అవమానించారని తేలాలని చెప్పింది. ఇప్పుడు హాస్టల్ గది నాలుగు గోడలు తీసుకోండి, ఒక ‘యక్’ తీసుకోండి. కులం పేరు లేదు, సాక్షి లేడు, ఉద్దేశం లేదు, నవ్వు మాత్రం ఉంది. చట్టం తిట్టును వెతుకుతోంది, తిట్టు వేషం మార్చింది. ప్రతి ‘యక్’నీ నేరం చేయమని నేను అడగడం లేదు, అలాంటి చట్టం ముందు మావాళ్ల మీదే పడుతుంది. కానీ విశ్వవిద్యాలయాల్లో వివక్ష ఫిర్యాదులు వినే కమిటీలు “కులం పేరు వాడారా, లేదా?” అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఫైలు మూసేయడం ఆపాలి. మంచం ఎవరు జరిపారు, బల్ల మీద బోర్డు ఎవరు పెట్టారు, గది ఎవరిని మార్చమన్నారు అని అడగాలి. ఎయిమ్స్‌లో వివక్ష మీద 2007లో నివేదిక ఇచ్చిన థోరాట్ కమిటీ చూసింది అలాంటివే. హాస్టల్లో, మెస్‌లో, ఆటల్లో దళిత ఆదివాసీ విద్యార్థులు ఎలా వెలికి గురయ్యారో రాసింది. వెలికి కులం పేరు పెట్టి పిలవాల్సిన పనిలేదు.

మన పక్షాన మాట్లాడే ఉదారవాద మిత్రులతోనూ నాకో పేచీ ఉంది. అమెరికా నుంచి వాళ్లొక నినాదం దిగుమతి చేసుకున్నారు: నా ‘యమ్’ని నువ్వు ‘యక్’ అనకు. వినడానికి బాగుంది. కానీ ఇది భోజనాల బల్ల దగ్గర మర్యాద నేర్పే నినాదం. నీ ఇష్టం నీది, నా ఇష్టం నాది అని పంచుకుని లేచిపోతుంది. మా ముత్తాత గొడ్డు మాంసం తిన్నది ఇష్టాల పట్టికలోంచి ఏరుకుని కాదు. చచ్చిన గొడ్డును మోయడం ఆ కులం మీద పెట్టిన వెట్టి, దాని మాంసమే కూలి. అంటరానితనానికి గొడ్డు మాంసంతో ఉన్న ముడిని 1948లో బాబాసాహెబ్ ఒక పుస్తకమంతా విప్పి చూపించారు. దాన్ని ‘ఫుడ్ చాయిస్’ అనే సంచిలో వేసి కట్టేస్తే చరిత్ర ఊపిరాడక చస్తుంది. పైగా చాయిస్ భాష మాట్లాడే రెస్టారెంట్లలో బోటి, ఎముక మూలుగ, నాలుక ఇప్పుడు ఖరీదైన వంటకాలు. 1994లో లండన్‌లో సెయింట్ జాన్ రెస్టారెంట్ తెరిచిన షెఫ్ ‘ముక్కు నుంచి తోక దాకా’ తినాలన్నాడు, ప్రపంచం చప్పట్లు కొట్టింది. మా వాడల్లో ముక్కు నుంచి తోక దాకా తరాలుగా తిన్నారు. వండినవాళ్లు మారితే ‘యక్’ కాస్తా ‘యమ్’ అయినప్పుడు, అసహ్యం బోటి మీద లేదని ఇంకెలా చెప్పాలి?

చివరిగా, ‘యక్’ అనే హక్కు ఎవరిదన్నది చూడాలి. 1985 జూలై 16న కారంచేడులో దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఆ మురికి చెరువులోకి పోతోంది. తాగే నీళ్లండీ అని ఒక మాదిగ యువకుడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోతే అడ్డుపడ్డ మాదిగ స్త్రీ సువార్త తనను కాపాడుకోవడానికి బిందె ఎత్తింది. ఆమె చేసిన నేరం అదే. మర్నాడు జూలై 17న మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. తాగే నీటిలో కుడితి కలుస్తుంటే కలిగే ఏవగింపు కంటే సహజమైనది, డార్విన్ చెప్పినంత సహజమైనది ఇంకేముంటుంది? ఆ ‘రిఫ్లెక్స్’కు ఆరు ప్రాణాలు ధర కట్టారు. అదే రిఫ్లెక్స్ ఐఐటీ మెస్‌లో వస్తే దానికి ఆరు బల్లలు వేసి ఇస్తారు.

సెప్టిక్ ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి దిగేవాళ్లకైతే అసలు అసహ్యం అనే భావమే ఉండకూడదని ఈ సమాజం నిర్ణయించేసింది. 2013లో చట్టం ఆ పనిని నిషేధించింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరుగుతోందంటేనే మనుషులు ఇంకా దిగుతున్నారని అర్థం. పై అంతస్తులో ‘యక్’ అని ఫ్లష్ నొక్కి తలుపు వేసుకున్నవాళ్ల ‘యక్’, పైపుల గుండా కిందికి దిగి, ఎవరో ఒకరి ముక్కులోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. ఆ ట్యాంకు కడిగి పైకొచ్చిన మనిషి మంచినీళ్లు అడిగితే మెయిన్ లిఫ్ట్ ఎక్కొద్దు, వెనక మెట్ల దగ్గర సీసా పెట్టామంటారు. ఇప్పుడు పేపర్ కప్పులు వచ్చాయి కాబట్టి ఊళ్లో లాగా రెండు గ్లాసులు పెట్టే అవసరం కూడా లేదు. తాగి పారేస్తే సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది, ఆ చెత్తబుట్ట ఎత్తేదీ మళ్లీ అదే మనిషి.

ప్రొఫెసర్ గారూ, ఇదీ నా జవాబు. ముసాయిదాలో ఆ అధ్యాయం శీర్షిక మార్చమని కమిటీ సూచించింది, ‘వ్యావహారిక ఇంగ్లీషులో ప్రతికూల భావవ్యక్తీకరణ’ అని పెట్టుకోవచ్చట. నేను ‘యక్’ అనే ఉంచి మళ్లీ ఇచ్చాను. ఈ నెలాఖరున మళ్లీ సమావేశం ఉంది.